పికప్ పోయిందా? ముందు పైపులు చూడండి!

గ్యాస్కెట్ మార్పించి షెడ్డు నుంచి తెచ్చుకున్న టర్బో పెట్రోల్ కారు... ఆదివారం పిల్లాపాపలతో బయల్దేరితే ఫ్లైఓవర్ ఎక్కనని మొరాయిస్తుంది. పికప్ లేదు, పైగా ఇంజిన్ 'మిస్సింగ్' కొడుతోంది. 'టర్బో పోయిందండీ, మార్చాల్సిందే' అంటాడు మెకానిక్. వేలకు వేలు ఖర్చు! సరేననే ముందు ఒక్క క్షణం ఆగండి.

నిన్నటిదాకా బాగున్న టర్బో గ్యాస్కెట్ మార్చిన రోజే పాడవడం అరుదు. అందుకే, ఆ పని కోసం ఏమేం విప్పారో ముందు అడగండి. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కీ, అక్కణ్నుంచి ఇంజిన్‌కీ వెళ్లే గొట్టాల క్లిప్పులు వదులైతే గాలి బయటికి పోతుంది. సన్నటి వ్యాక్యూమ్ పైపు ఊడినా బూస్ట్ దెబ్బతింటుంది. స్మోక్ టెస్ట్ చేయిస్తే పొగ వచ్చిన చోటే లీకు.

స్కానర్ పెట్టించండి. పి0299 అంటే బూస్ట్ తక్కువని. పి0301 అంటే ఒకటో సిలిండర్ మిస్సవుతోందని. అప్పుడు ఒకటో కాయిల్‌నీ రెండో కాయిల్‌నీ అటూ ఇటూ మార్చి చూడమనండి. కోడ్ పి0302కి మారితే తప్పు కాయిల్‌దే. మారకపోతే ప్లగ్గు, ఇంజెక్టర్ కనెక్షన్ చూడాలి. మార్చింది హెడ్ గ్యాస్కెట్ అయితే టైమింగ్ కూడా సరిచూడాలి.

చెక్ ఇంజిన్ దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటే బండి నడపొద్దు. మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుంది. కూలెంట్ తగ్గుతూ తెల్లపొగ ఆగకుండా వస్తుంటే కొత్త గ్యాస్కెట్ సరిగా కూర్చోలేదేమోనని అనుమానించాలి.

ఊడిన క్లిప్పుకి టర్బో ఖరీదు ఎందుకు చెప్పండి!