కెర్నల్ బిల్డ్ చేశాం సరే, మళ్ళీ చేయగలమా?

లినక్స్ కెర్నల్‌ని సొంతంగా కంపైల్ చేసుకోవడం ఒకప్పుడు పెద్ద విద్య. ఇప్పుడు కాదు. 2020లో వచ్చిన రాస్ప్‌బెరీ పై కంప్యూట్ మాడ్యూల్ 4నే తీసుకోండి. అరచేతిలో ఇమిడిపోయే బోర్డు. సోర్సు దించుకుని, దానికోసం సిద్ధంగా ఉన్న కాన్ఫిగరేషన్‌తో మొదలుపెట్టి, అక్కర్లేనివి తీసేసి, ల్యాప్‌టాప్ మీదే ఆ బోర్డులోని ఆర్మ్ ప్రాసెసర్‌కి క్రాస్ కంపైల్ చేస్తే సరి. మరి ఇంత సులువైన పని గురించి రాయడానికేముంది అంటారా? ఉంది.

బే ఏరియాలో ఒక చిన్న సంస్థలో పనిచేసేటప్పుడు, ఫ్రెస్నో చుట్టుపక్కల పళ్ళ కోల్డ్ స్టోరేజీల్లో చలి ఎంతుందో చూసి కబురు పంపే పెట్టెలు పెట్టాం. ప్రతి పెట్టెలోనూ ఈ బోర్డే. కెర్నల్ తయారుచేసిన కుర్రాడు పనిమంతుడు. బూట్ త్వరగా అవ్వాలని ఏవేవో డ్రైవర్లు తీసేశాడు, సెన్సర్ కోసం డివైస్ ట్రీ మార్చాడు. తర్వాత వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయాడు.

ఏడాది తిరిగేసరికి ఒక భద్రతా లోపం సరిదిద్దాల్సి వచ్చింది. చూస్తే మా దగ్గరున్నది తయారైన ఇమేజ్ ఒక్కటే. ఏ సోర్సు, ఏ కంపైలర్, ఏ ప్యాచ్‌లు? అన్నీ ఆ అబ్బాయి పాత ల్యాప్‌టాప్‌తోనే చెరిగిపోయాయి. నడుస్తున్న కెర్నల్ నుంచే దాని కాన్ఫిగరేషన్ బయటికి తీసే సదుపాయం ఒకటుంది. జాగా కలిసొస్తుందని దాన్నీ తీసేశాడు!

ఏదో ఊహించి కొత్తది తయారుచేసి, నెట్‌వర్క్ మీదుగా ఒక పెట్టెకి పంపాం. అది మళ్ళీ పలకలేదు. కెర్నల్ ఇమేజ్, డివైస్ ట్రీ, విడిగా లోడ్ అయ్యే మాడ్యూళ్ళు - ఈ మూడూ ఒకే బిల్డ్‌లోంచి రావాలి. మేం ఇమేజ్ మార్చి మాడ్యూళ్ళు పాతవే ఉంచేశాం. వై-ఫై డ్రైవర్ ఒక మాడ్యూల్. వెర్షన్ కలవక లోడ్ కాలేదు. పెట్టె శుభ్రంగా నడుస్తూనే ఉంది, మాతో మాట్లాడటానికే దానికి నోరు లేదు. మూడు గంటలు కారు నడుపుకుంటూ వెళ్ళి పాత ఇమేజే మళ్ళీ పెట్టి వచ్చాను. లోపం మాత్రం అన్ని పెట్టెల్లోనూ ఇంకొన్ని నెలలు అలాగే ఉంది.

"నడుస్తున్న కెర్నల్‌ని కదపడమెందుకు?" అనేవాళ్ళున్నారు. 'డర్టీ కౌ' అనే లోపం 2007 నాటి 2.6.22 కెర్నల్‌ నుంచీ ఉండి, 2016లో గానీ బయటపడలేదు. తొమ్మిదేళ్ళు అందరి కళ్ళముందే ఉంది! ఇవాళ నిక్షేపంగా ఉన్న కెర్నల్‌ని రేపు మార్చక తప్పకపోవచ్చు.

అందుకే నేననేది, ఇమేజ్ ఒక్కటే ఫలితం కాదు. సోర్సు ఏ కమిట్‌దో, కాన్ఫిగరేషన్, ప్యాచ్‌లు, డివైస్ ట్రీ, కంపైలర్ వెర్షన్, బిల్డ్ స్క్రిప్టు - అన్నీ గిట్‌లో ఉండాలి. వాటితో ఇంకొకరు తమ మెషీన్ మీద మొదటినుంచీ బిల్డ్ చేయగలిగితేనే పని పూర్తయినట్టు. ఇది నేను కనిపెట్టిన నీతేం కాదు. లినక్స్ 1992లో స్వీకరించిన జీపీఎల్ రెండో వెర్షన్ ప్రకారం, కంపైల్ చేసి ఇన్‌స్టాల్ చేయడానికి వాడే స్క్రిప్టులు కూడా సోర్సులో భాగమే. పెట్టె కొన్నవాళ్ళు అడిగితే ఇవ్వాల్సినదాన్ని మేం మాకే ఇచ్చుకోలేకపోయాం.

రెండోది, వెనక్కి దారి. ఈ బోర్డు ఫర్మ్‌వేర్‌లో 'ట్రైబూట్' అని ఒకటుంది. కొత్త కెర్నల్‌తో ఒక్కసారి మాత్రం బూట్ చేసి చూస్తుంది. అంతా బాగుందని మన ప్రోగ్రాం ఖాయం చేయకపోతే, తర్వాతి రీబూట్‌లో పాతదానికే వచ్చేస్తుంది. పెట్టె బిగుసుకుపోతే రీబూట్ చేయడానికి వాచ్‌డాగ్ టైమర్ ఉండనే ఉంది. పాత మాడ్యూళ్ళని మాత్రం తొందరపడి చెరిపేయకండి.

చిన్న సంస్థలకి ఇంత తీరిక ఎక్కడిది అంటారా? ఇవన్నీ రాసిపెట్టుకోవడం ఒక పూట పని. ఫ్రెస్నో వెళ్ళి రావడానికి నాకు ఒక రోజు పట్టింది, అదీ ఒక్క పెట్టె కోసం.