మైనర్ల భూముల్లో గనుల లీజు

తల్లీతండ్రీ లేని పిల్లల పేర నాలుగెకరాల మెరక ఉంటే ఎవరికీ పట్టదు. దాని కింద గ్రానైటు ఉందని తెలిస్తే మాత్రం బాబాయిలూ మేనమామలూ పోటీలు పడతారు. కంట్రాక్టరు కాగితం తెస్తాడు. పిల్లవాడి తరపున ఎవరో ఒకరు సంతకం గీకేస్తారు.

ఆ సంతకం చెల్లదు. పెంచుతున్నాం గదా అన్నంత మాత్రాన మైనరు ఆస్తి మీద లావాదేవీలు చేసే హక్కు రాదని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 11వ సెక్షను చెబుతోంది. కోర్టు నియమించిన సంరక్షకుడైనా సరే, అయిదేళ్లు మించిన లీజుకి, మైనారిటీ తీరాక ఏడాది దాటి సాగే లీజుకి 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద ముందుగా కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. అవసరమో, పిల్లవాడికి స్పష్టమైన లాభమో ఉంటేనే కోర్టు ఒప్పుకోవాలి. అదేమిటో ఉత్తర్వులో రాయాలి.

మరి చిక్కెక్కడ? ఈ లెక్క పంట కౌలుకి సరిపోతుంది. కౌలు తీరాక చేను చేనుగానే ఉంటుంది. కోసిన కొండ మళ్లీ మొలవదు. అనుమతి అడగక్కర్లేని ఆ అయిదేళ్లలోనే రాయంతా పోతే, పిల్లవాడికి మిగిలేది నీళ్లు నిలిచిన గొయ్యి. పేరుకి లీజు, జరిగేది అమ్మకం.

పోనీ, కోర్టు ముద్ర పడితే చాలా? అమెరికా సంగతి చూడండి. ఓక్లహోమాలో అయిదు ఆదివాసీ జాతుల మైనర్ల భూముల్ని 1908 చట్టం కౌంటీ ప్రొబేటు కోర్టుల చేతుల్లో పెట్టింది. ఆ భూముల్లో చమురు పడింది. కోర్టు నియమించిన సంరక్షకులే ఫీజుల పేరా, ఖర్చుల పేరా పిల్లల సొమ్ము మింగారని 1924లో ఇండియన్ రైట్స్ అసోసియేషన్ ప్రచురించిన నివేదిక బయటపెట్టింది. కంచే చేను మేసింది.

మన 1890 చట్టం 31వ సెక్షనులో దీనికి మందుంది. బంధుమిత్రులకు నోటీసు ఇవ్వవచ్చు, వచ్చిన సొమ్ము కోర్టులో జమ చేయించవచ్చు. అన్నీ ‘వచ్చు’లే! పేదవాడి విషయంలో ‘వచ్చు’ అంటే ‘రాదు’ అనే అర్థం.

అందుకే మా డిమాండు. గని లీజు ఒక్క ఏడాదికైనా కోర్టు అనుమతి ఉండాలి. ఊళ్లో చాటింపు వేయాలి. బహిరంగ వేలం పెట్టాలి. సొమ్ము పిల్లవాడి పేర జమ కావాలి, తిండికీ చదువుకీ తప్ప బయటికి రాకూడదు.

చట్టం మారేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. అనుమతి దరఖాస్తుకి అడ్డు చెప్పడానికి ఎవరొచ్చినా వాళ్ల మాట విని నమోదు చేసి తీరాలని అదే సెక్షను కోర్టుని శాసిస్తోంది. సంఘం కార్యకర్తలారా, అటువంటి దరఖాస్తు పడిందని తెలిసిన రోజున కూలి పోయినా సరే, కోర్టు గడప ఎక్కండి.