ఎలా పంపుతున్నారండీ?

ఈ మూడు నెలల్లో నన్ను ఎంతమంది ఈ ప్రశ్న అడిగారో లెక్కపెట్టలేదు. మా అమ్మాయి స్కాట్లాండులో హిమానీనదాల మీద పరిశోధన చేస్తోంది. నవంబరులో అంటార్కిటికా వెళ్తోంది. మా వదిన అడిగింది, పక్కింటావిడ అడిగింది. స్త్రీల ఆత్మకథల మీద పిహెచ్‌డి చేసి, నాతోపాటు ఇరవై ఏళ్ళు పాఠాలు చెప్పిన స్నేహితురాలు కూడా అడిగింది. మా ఆయన్ని మాత్రం ఒక్కరూ అడగలేదు. ఆయనకి అందరూ అభినందనలు చెప్పారు!

బయల్దేరేలోపు కొన్నాళ్ళు దాని దగ్గర ఉందామని వెళ్తే, "రా అమ్మా, నేనెక్కడికి పోతున్నానో చూపిస్తా" అంటూ ఓ ఆదివారం డండీ తీసుకెళ్ళింది. అక్కడ టే నది ఒడ్డున డిస్కవరీ ఓడ ఉంది. 1901లో ఆ ఊళ్ళోనే కట్టారు. స్కాట్, షాకల్టన్ తొలిసారి అంటార్కిటికా వెళ్ళింది అందులోనే. 1986లో పుట్టిన ఊరికి తిరిగొచ్చింది. పక్కనే సందర్శకుల కేంద్రం. లోపల పొడవాటి భోజనాల బల్ల, దాని చుట్టూ అధికారుల చిన్న చిన్న గదులు. మా అమ్మాయి మంచును చీల్చుకుపోయే చెక్క బలం గురించి చెబుతుంటే, నేను ఆ మంచాల వెడల్పు చూస్తూ నిలబడ్డాను. స్నానం ఎక్కడ, చాటు ఎక్కడ అని వెతికాను. తల్లి కళ్ళు అంతే మరి.

ఆ ఓడని నీళ్ళలోకి దింపింది ఒక స్త్రీ. 1901 మార్చి 21న, లేడీ మార్కమ్. ఆ యాత్రకి సూత్రధారి అయిన సర్ క్లెమెంట్స్ మార్కమ్ భార్య. ఓడని సాగనంపడానికి ఆడచెయ్యి శుభం, ఓడ ఎక్కడానికి మాత్రం పనికిరాదు. ప్రయాణానికి ముత్తయిదువ ఎదురు రావాలనే మనకి ఇది కొత్తేం కాదు.

ఇక తల్లులు. ధ్రువయాత్రల కథలో తల్లికి ఒకటే పాత్ర: ఉత్తరం అందుకోవడం. స్కాట్ రెండో యాత్రలో, 1912 మార్చిలో, గుడారంలో చనిపోతూ తన తల్లికి రాశాడు, భార్య కాథ్లీన్‌కి రాశాడు, విల్సన్ భార్యకీ బవర్స్ తల్లికీ రాశాడు. ఆ మాటలు చదివి వందేళ్ళుగా లోకం కళ్ళు తుడుచుకుంటోంది. కానీ అదే యాత్రలో అందరికంటే ముందు, ఫిబ్రవరిలో, చనిపోయిన నావికుడు ఎడ్గర్ ఎవాన్స్ భార్య లోయిస్‌కి రాసిన ఉత్తరం ఆ కట్టలో లేదు. తర్వాత జనం ఇచ్చిన విరాళాల్లోంచి కుటుంబాలకు పంచినప్పుడు కూడా, ముగ్గురు పిల్లల తల్లి అయిన లోయిస్‌కి అధికారుల భార్యల కంటే చాలా తక్కువ దక్కింది. దుఃఖానికి కూడా హోదా ఉంటుంది.

నాకు నచ్చిన తల్లి మాత్రం కెరొలిన్ ఓట్స్. గాయాలతో నడవలేక, తోటివాళ్ళకి భారం కాకూడదని మంచు తుఫానులోకి నడిచిపోయిన కెప్టెన్ ఓట్స్ తల్లి. కొడుకు వీరమరణం పొందాడని దేశమంతా పొగుడుతుంటే ఆవిడ ఆ పొగడ్తతో తృప్తిపడలేదు. తిరిగొచ్చినవాళ్ళని కలిసింది, ప్రశ్నలు వేసింది. నాయకుడి నిర్ణయాల్లోనే తప్పుందని నమ్మింది, చివరిదాకా స్కాట్‌ని క్షమించలేదు. వీరమాతగా ఆవిడని ఏ పీఠం మీదా ఎక్కించలేకపోవడానికి కారణం అదే. లెక్క అడిగే తల్లి విగ్రహానికి పనికిరాదు.

1914లో ముగ్గురు యువతులు తమనూ తీసుకెళ్ళమని షాకల్టన్‌కి రాస్తే ఆడవాళ్ళకి ఖాళీ లేదన్నాడు. అమెరికా నౌకాదళం స్త్రీ శాస్త్రవేత్తలను ఆ మంచు మీదికి చేర్చడానికి 1969 దాకా ఒప్పుకోలేదు. మన దేశం నుంచి 1983లో అదితి పంత్, సుదీప్తా సేన్‌గుప్తా వెళ్ళారు. హైదరాబాదు ఎన్ఆర్ఎస్‌సి నడిపే ఉపగ్రహ కేంద్రం ఉన్న భారతి స్థావరంలో ఇస్రో శాస్త్రవేత్త మంగళా మణి 2016-17లో 403 రోజులు గడిపారు. ఆవిడ వయసు అప్పుడు 56. ఇరవై ముగ్గురి బృందంలో ఆవిడొక్కరే స్త్రీ. ఆవిణ్ణి "ఎలా వెళ్ళారండీ, చలి కాదా?" అని అడుగుతాం. ఇరవై ఇద్దరు మగవాళ్ళ మధ్య ఏడాదికి పైగా ఎలా గడిచిందని మాత్రం మొహమాటపడి అడగం.

నేను చెప్పదలుచుకున్నది ఇక్కడే ఉంది. ఈ ప్రశ్నలన్నీ చలి గురించే. మైనస్ ఎంత, మంచు పగులుతుందా, ఫోను పలుకుతుందా. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 2022లో విడుదల చేసిన నివేదికలో, అక్కడ పనిచేసిన స్త్రీలలో 59 శాతం తమకి లైంగిక వేధింపో దాడో ఎదురైందన్నారు. బోస్టన్ యూనివర్సిటీ ప్రొఫెసరు ఒకాయన అంటార్కిటికా శిబిరంలో తనను వేధించాడని ఒక శాస్త్రవేత్త 2016లో ఫిర్యాదు చేసింది. జరిగింది ఆమె విద్యార్థిగా ఉన్నప్పుడు, 1999-2000లో. తన ఉద్యోగం ఎవరూ తీసెయ్యలేని స్థితికి వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికి ఆయన పేరున అక్కడొక హిమానీనదమే ఉంది! 2018లో ఆ పేరు తీసేశారు, 2019లో ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు.

మరి తల్లినెందుకు నిలదీస్తున్నారు? "ఎలా పంపుతున్నారు" అన్న మాటలో ఆడపిల్ల నా సొత్తు, నేను పంపితే పోతుంది, ఆపితే ఆగుతుంది అన్న లెక్క ఉంది. రేపు ఏదైనా జరిగితే తప్పు పంపినదానిది. గుడారంలో పక్కనున్నవాడిది కాదు, నోరు మూయించిన నాయకుడిది కాదు, అతన్ని నియమించిన సంస్థది కాదు. మన ఊళ్ళో పిల్లని రాత్రి ట్యూషన్‌కి పంపిన తల్లినీ ఇదే అడుగుతాం కదా. మంచు ఖండం దాకా పోయినా ప్రశ్న మారలేదు.

నేను పంపడం లేదు, అది వెళ్తోంది. నాకు భయం లేదని అనను. రాత్రుళ్ళు లేచి కూర్చుంటున్నాను. అయితే ఆ భయంతో నా కూతురికి కాళ్ళు కట్టనక్కర్లేదు, సంస్థకి ఉత్తరం రాయొచ్చు అనిపించింది, ఆ బల్ల దగ్గర నిలబడినప్పుడు.

బయటికొచ్చి టీ తాగుతూ దాన్ని అడిగాను: "అక్కడ నీ నాయకుడి మీదే ఫిర్యాదు చెయ్యాల్సొస్తే ఎవరికి చేస్తావే?"

కాసేపు ఆలోచించింది. "నాయకుడికే అనుకుంటా అమ్మా. శాటిలైట్ ఫోను ఆయన దగ్గరే ఉంటుంది" అంది. అని, తనే నా మొహంలోకి చూసింది.

ఆ రాత్రే ఇద్దరం కూర్చుని యాత్ర నడిపే సంస్థకి నాలుగు ప్రశ్నలు రాశాం. నాయకుడికి తెలియకుండా బయటికి మాట్లాడే మార్గం ఏమిటి? ఫిర్యాదు విచారించేది ఎవరు, వాళ్ళకీ యాత్రకీ సంబంధం ఉందా? ఫిర్యాదు చేసిన పిల్లని వెనక్కి పంపుతారా, చేయించుకున్నవాణ్ణా? వెనక్కి వచ్చేస్తే ఆమె పరిశోధన ఏమవుతుంది?

పది రోజులకి జవాబొచ్చింది. చాలా మర్యాదగా ఉంది. తల్లిగా నా ఆందోళన తమకి అర్థమైందట. కింద, వెంట తెచ్చుకోవలసిన ఉన్ని మేజోళ్ళ జాబితా జతచేశారు. మళ్ళీ రాశాం.