వారానికి ఒక గది: ఉన్నత విద్యా మండలి అధ్యక్షులకు బహిరంగ లేఖ



నత్తి ఉన్న విద్యార్థికి అన్నిటికన్నా కష్టమైన మాట తరచుగా తన పేరే. తక్కిన మాటలు అడ్డుపడితే మరో మాట వెతుక్కోవచ్చు; పేరు మార్చి చెప్పడం కుదరదు. హాజరు పలకడం, మౌఖిక పరీక్ష, ఫోను... తప్పించుకునే కొద్దీ భయం పెరుగుతుంది. ఆ భయంతో బిగుసుకున్న గొంతులో మాట మరింత చిక్కుకుంటుంది.

పెద్దవారిలో సుమారు 100 మందిలో ఒకరికి నత్తి ఉంటుంది. 1,000 మంది చదివే కళాశాలలో పది మంది ఉన్నా, దాచుకోవడమే అలవాటైనందువల్ల ఒకరి సంగతి ఒకరికి తెలియదు. నత్తి ఉన్నవారే కలిసి నడుపుకునే స్వయం సహాయక బృందం మొదట తీర్చేది ఈ ఒంటరితనాన్నే. అక్కడ ఎవరూ మధ్యలో అందుకుని వాక్యం పూర్తిచేయరు. తనకు నత్తి ఉందని ముందే చెప్పేయడం, కావాలనే నత్తితో మాట్లాడడం, నమూనా ఇంటర్వ్యూలు సాధన చేస్తారు. నత్తి పోతుందన్న హామీ ఉండదు, ఉండకూడదు కూడా; తగ్గేది భయం. వాక్ చికిత్సకు ఇది తోడే గాని బదులు కాదు. 2008లో మొదలైన ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్ పలు నగరాల్లో ఇలాంటి బృందాలను ప్రోత్సహించింది.

కళాశాలల్లో ఈ బృందాలకు కావలసింది వారానికోసారి ఒక ఖాళీ తరగతి గది; నత్తి ఉన్న విద్యార్థులకు మౌఖిక పరీక్షలో కొంచెం అదనపు సమయం. మండలి ఉత్తర్వు ఇస్తే, అంతర్జాతీయ నత్తి అవగాహన దినమైన అక్టోబర్ 22న మొదటి సమావేశం జరపవచ్చు.