మిగ్-21కు ఆఖరి పూత

చివరి మిగ్-21లు 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో రిటైరయ్యాయి. 62 ఏళ్ల సర్వీసు. నాగోల్‌లో నా టేబుల్ మీద మాత్రం ఒకటి ఇంకా రంగు ఆరుతూనే ఉంది. 1/72 స్కేలు, సుమారు ఇరవై సెంటీమీటర్ల ప్లాస్టిక్.

ఏ రంగు వేయాలన్నదే పెద్ద పంచాయితీ. మనవాళ్ల మిగ్‌లు మొదట్లో ఉత్త లోహపు మెరుపుతోనే ఎగిరాయి. 1971 యుద్ధానికి చాలావాటికి హడావిడిగా ఆకుపచ్చ పూశారు. అందుకే ఎయిర్‌బ్రష్‌తో నున్నగా కొట్టిన 1971 మిగ్‌ని చూస్తే నాకు షోరూమ్‌లో కారు గుర్తొస్తుంది. అడుగున వెండిరంగు అక్కడక్కడా తొంగిచూడాలండీ!

రంగు బాగా ఆరాక మెరిసే వార్నిష్, దానిమీద డెకాల్స్. గరుకు రంగు మీదే అతికిస్తే లోపల గాలి చిక్కుకుని మూడు రంగుల చక్రం చుట్టూ తెల్లటి మెరుపు కనిపిస్తుంది. ఆఖర్న మ్యాట్ పూత. స్ప్రే డబ్బా వాడేవాళ్లు ముసురు రోజున ముట్టుకోకండి, తెల్లగా మసకబారిపోతుంది.

కాక్‌పిట్ సంగతి మాత్రం ముక్కలు అతికించకముందే చూసుకోవాలి. మన దేశంలో తయారైన మిగ్-21లకు ఏవియానిక్స్ చేసింది బాలానగర్ హెచ్ఏఎల్‌లోనే. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే రైలు మారకుండా వెళ్లొచ్చు. కనోపీ మూసేశాక ఆ డయల్స్ సగం కనిపించవు. అయినా నేను ఒక్కోటీ వేస్తాను.