పసివారి బొమ్మల పుస్తకములు

పొగాకు వేలము ముగిసిన నాడు కలిగిరిలో తండ్రులు ఇంటికి కొనిపోవు సంచులను చూడుడు. మిఠాయి యుండును, రబ్బరు బంతి యుండును, పుస్తకముండుట అరుదు. ఉన్నచో అది ఆంగ్లాక్షరముల అట్టపుస్తకము. మూడేండ్ల బిడ్డ దానిని వల్లించును, ఇంటివారు మురియుదురు. ఆ ముచ్చటను మేము కాదనము. కాని వల్లించుట వేరు, ఒడిలో కూర్చుండి కథ వినుట వేరు.

పుస్తకము నెన్నుకొనుట యెట్లు? దుకాణములో నిలిచి రెండు పుటలు పైకి చదివి చూడుడు. మీ నాలుకకు తిరుగని వాక్యము బిడ్డ చెవి కెక్కదు. చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ (1853) గొప్ప గ్రంథమే; అయినను అది పాఠశాల కొరకు పుట్టినది. పసివారి కథ ఇంటిలో మాటలాడు తెలుగున నుండవలయును. (ఈ మాటను గ్రాంథికమున చెప్పుట వింతయే, మా పాఠకులు పసివారు కారు గదా.)

పిదప బొమ్మ. పుటకొక పెద్ద బొమ్మ, క్రింద రెండు పంక్తులు చాలును. మాటలు చెప్పని సంగతి యేదైన బొమ్మలో దాగియుండవలయును: మంచము క్రింది పిల్లి, గడ్డివామి వెనుకనుండి తొంగిచూచు మేక. బిడ్డ వ్రేలు దానిపై నిలుచును; ప్రశ్న వచ్చును. న్యాయస్థానమున ప్రశ్నించు పని మాది. ఇచట అది బిడ్డది, తండ్రియే సాక్షి. అడిగినన్ని మారులు ఆ కథనే చదువవలయును. కథ ముగియగనే నీతి యేమని నిలదీయరాదు. ఆపిలుపండు, మంచుదేశపు ఎలుగుబంటి వచ్చిన రానిండు. కాని తాటిచెట్టు, గొర్రెలమంద, పొగాకు బ్యారను కూడ పుటలలో కానరావలయును.

న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో ‘బాల’ను, నాగిరెడ్డి, చక్రపాణులు 1947లో ‘చందమామ’ను మదరాసునుండి వెలువరించిరి. రెండును నేడు లేవు. అవియు చదువనేర్చిన పిల్లలవే. నేషనల్ బుక్ ట్రస్టువారి నెహ్రూ బాల పుస్తకాలయ శ్రేణిలో చిన్నపిల్లల తెలుగు బొమ్మల పుస్తకములు స్వల్పమైన వెలకు దొరకును.

ఆ వెలయు పెట్టలేని యిండ్ల మాట యేమి? 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయముల కొరకు మనము చెల్లించుచున్నాము. అందులో ఆరేండ్ల లోపువారి వాటా యెంత? పోటీపరీక్షల పుస్తకములకు బీరువాలు నిండగా, పసివారి చేతికందు నెత్తున ఒక్క అరయైన నుండవలదా? చిరుగునను భయముతో దానికి తాళము వేయరాదు; చిరిగినచో మరియొకటి కొనవచ్చును. కొనుగోలు జాబితా సిద్ధమగుటకు ముందే కలిగిరి, ఉదయగిరి, ఆత్మకూరు చదువరులు జిల్లా గ్రంథాలయ సంస్థకు విన్నపములు పంపవలయును. వలసిన పుస్తకముల పేర్లును వ్రాయుడు. పేర్లు లేని విన్నపము దస్త్రములో నిదురించును.