ఓటమి నాటి అభిమానం

క్రీడలో గెలుపోటములు కావడి కుండల వంటివి. రెండు జట్లు మైదానంలో దిగినప్పుడు ఒకటి గెలిస్తే మరొకటి ఓడక తప్పదు. ఈ సత్యం పసిపిల్లలకు సైతం తెలుసు. అయినా తాము అభిమానించే జట్టు ఓడిన క్షణంలో విద్యావంతులు కూడా దీనిని విస్మరిస్తారు. నిన్నటి వరకు భుజాలపై మోసిన ఆటగాణ్ణే నేడు నోటికి వచ్చినట్లు దూషిస్తారు. చెరువు నిండితే కప్పలు వాటంతట అవే చేరుతాయి. అభిమానానికి అసలైన పరీక్ష చెరువు ఎండిన నాడే.

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు సమీపంలోని ఇంద్రేశం వంటి ఊళ్లకు ఈ విషయం పరాయిది కాదు. పరిశ్రమలలో ఉపాధి కోసం వివిధ జిల్లాల నుండి, రాష్ట్రాల నుండి వచ్చిన కుటుంబాలు ఆ ప్రాంతంలో స్థిరపడ్డాయి. ఆ ఇళ్లలోని పిల్లలు కలిసి చదువుతారు, కలిసి ఆడతారు. మాతృభాషలు వేరైనా వారిని ఒక్కటి చేసేది జట్టు. కళాశాల ఫుట్‌బాల్ జట్టు ఓడినప్పుడు, ఆ ఓడినవారు ఎక్కడో ఉన్న వీరులు కారు. మరునాడు పక్క బల్లపై కూర్చునే సహాధ్యాయులే. గోల్ ఆపలేకపోయిన బాలుడు తలవంచుకొని తరగతిలోకి వచ్చినప్పుడు వినిపించేది ఎగతాళియా, ఓదార్పా? అతడు మళ్లీ మైదానంలో అడుగుపెట్టడం చాలావరకు ఆ ఒక్క మాటపైనే ఆధారపడి ఉంటుంది.

ఓటమిని అభిమానులు పలు విధాల స్వీకరిస్తారు. కొందరు జట్టును వదిలి వెళ్లిపోతారు. కొందరు నెపాన్ని రిఫరీపైకో, మైదానంపైకో నెట్టి తృప్తి పడతారు. మరికొందరు ఆగ్రహంతో ఒళ్లు మరచిపోతారు. 1996 మార్చి 13న కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో జరిగిన ప్రపంచ కప్ క్రికెట్ సెమీఫైనల్‌లో భారత జట్టు 8 వికెట్లకు 120 పరుగుల వద్ద ఉండగా ప్రేక్షకులు సీసాలు విసిరారు. గ్యాలరీలలో నిప్పు పెట్టారు. ఆట సాగక శ్రీలంకను విజేతగా ప్రకటించారు. ఆ నాడు ఆటగాళ్లు ఓటమి అంచున ఉన్నారు. ప్రేక్షకులు అంతకు ముందే ఓడిపోయారు.

ఆగ్రహం కూడా ప్రేమకు మరో రూపమే అని కొందరు వాదిస్తారు. అభిమానం లేని చోట బాధ లేదు కనుక ఈ మాటలో కొంత నిజం ఉంది. కాని బాధపడడం వేరు, బాధించడం వేరు. తల్లి కూడా బిడ్డ తప్పును ఎత్తిచూపుతుంది. వీధిలో నిలబెట్టి అవమానించదు.

ఓటమి నుండి ఎదిగిన చరిత్ర హైదరాబాదు ఫుట్‌బాల్‌కు ఉంది. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత జట్టు 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌కు వెళ్లి, యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడింది. మన ఆటగాళ్లలో పలువురు బూట్లు లేకుండానే ఆడారు. ఆ పరాజయం తరువాత బూట్లతో ఆడడం తప్పనిసరి అయింది. నాలుగేళ్లు గడిచేసరికి 1956లో అదే రహీం శిక్షణలో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనల్ చేరి, నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడలలో తొలి పోటీలో దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడిన జట్టే, ఫైనల్‌లో అదే ప్రత్యర్థిని 2–1తో జయించి స్వర్ణం సాధించింది. ఆ విజయం నాటికే రహీం క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. మరుసటి ఏడాదే కన్నుమూశారు. పది గోల్స్ పడిన రోజే ఆయనను తొలగించి ఉంటే ఆ స్వర్ణం మనకు దక్కేదా?

ఇటీవలి ఉదాహరణ హైదరాబాదు బౌలర్ మహమ్మద్ సిరాజ్. 2025 జూలై 14న లార్డ్స్ టెస్టులో చివరి వికెట్‌గా అతడు వెనుదిరగడంతో భారత్ 22 పరుగుల తేడాతో ఓడింది. ఆగస్టు 3న ఓవల్‌లో హ్యారీ బ్రూక్ కొట్టిన బంతిని పట్టి కూడా, బౌండరీ తాడుపై కాలు మోపాడు. అప్పటికి 19 పరుగులే చేసిన బ్రూక్ 111 పరుగులు చేశాడు. ఆ రాత్రి సిరాజ్‌ను నిందించినవారు మరునాటి వరకు వేచి ఉండవలసింది. మరునాడు చివరి వికెట్ తీసి, 6 పరుగుల తేడాతో జట్టును గెలిపించినది అతడే.

విమర్శ అవసరం లేదని దీని భావం కాదు. కర్మాగారంలో యంత్రం ఆగిపోతే తెలిసిన కార్మికుడు దానిని కాలితో తన్నడు. ఏ భాగం అరిగిందో వెదికి సరిచేస్తాడు. సాధన చాలలేదా, వ్యూహం తప్పిందా, ఆడేందుకు సరైన మైదానమే లేదా అని అడిగే అభిమాని జట్టుకు మేలు చేస్తాడు. ఆటగాడి కుటుంబాన్ని, మతాన్ని, ప్రాంతాన్ని దూషించేవాడు అభిమాని అన్న పేరుకే తగడు.

గెలిచిన జట్టుకు చప్పట్లు కొట్టడానికి ప్రత్యేకమైన సంస్కారం అక్కరలేదు. ఓడిన మిత్రుని పక్కన నడిచి, రేపు సాధనకు ఎన్ని గంటలకు వస్తావని అడగడానికి సంస్కారం కావాలి. విద్యార్థులు మైదానం నుండి నేర్చుకోవలసిన తొలి పాఠం ఇదే.